పేరు ముందు, వేడి తర్వాత

నేను రాసిన ప్రోగ్రాములన్నీ మర్చిపోయాను గానీ ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అదేమైనా రాకెట్టు నడిపిందా అంటే లేదు. అరకు దగ్గర కాఫీ గింజలు ఎండబెట్టే డ్రయ్యర్‌కి తగిలించిన రేకు డబ్బాలో ఉండేది. ఏం ఉద్యోగం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు" అని గంభీరంగా చెప్పేవాణ్ణి. గింజలు మాడకుండా చూసే డబ్బాలు చేస్తానని చెప్పుకోవడానికి మొహం చెల్లేది కాదు. తీరా చూస్తే ఆ గింజలు కూడా మాడాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. విశాఖపట్నంలో ఒక మేడ మీద రెండు గదుల్లో మా కంపెనీ. ముందు గదిలో బాసు, వెనక గదిలో సోల్డరింగ్ పొగ మధ్య నేను. మైదానం నుంచి వెళ్ళిన ఒక వ్యాపారి అరకు దగ్గర కాఫీ ఎండబెట్టే కేంద్రం పెట్టాడు. అక్కడ కోతలు చలికాలంలో. పది గంటలైనా పొగమంచు విడవదు. ఎండ కోసం కూర్చుంటే గింజ బూజు పడుతుంది. అందుకని పెద్ద డ్రమ్ము డ్రయ్యర్ తెప్పించాడు. కింద కట్టెల పొయ్యి, దాని వేడి గాలి డ్రమ్ములోకి పోతుంది. వేడి హద్దు దాటితే మా డబ్బాలో రిలే అనే స్విచ్చి 'టక్' మని కొట్టుకుని గాలి గొట్టానికి మూత పడాలి. చల్లారాక మళ్ళీ 'టక్' మని తెరుచుకోవాలి. డబ్బా చేయాల్సిన పని అంతే.

అంతే అంటే బాసు ఒప్పుకుంటాడా? "పోటీవాడి డబ్బాకి లేనిది మన డబ్బాకి ఉండాలోయ్" అని గేటు మీద ఎర్ర లైట్ల బోర్డు ఒకటి ఉచితంగా ఇస్తానన్నాడు. దాని మీద తెలుగు అక్షరాలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. కేంద్రం మేనేజరు కోనసీమ నుంచి వచ్చిన మనిషి. వేడి కొలిచే సంగతి చెబుతుంటే ఆవులించాడు. బోర్డు మాట ఎత్తగానే లేచి కూర్చున్నాడు. "మనం ఏ పేరు కొడితే ఆ పేరు నడుస్తాదాండీ?" అన్నాడు. నడుస్తుందన్నాం. బేరం కుదిరింది.

కాబట్టి ఆ డబ్బాలో ఒక్క ప్రాసెసర్ నెత్తిన నాలుగు పనులు పడ్డాయి. మా భాషలో టాస్కులు. ఒకటోది వేడి చూసి మూత తిప్పేది. రెండోది ప్రమాదం వస్తే సైరన్ మోగించేది. మూడోది మీటలు నొక్కితే పలికేది. నాలుగోది మేనేజరు గదిలో కొట్టిన పేరు తీసుకుని బోర్డు మీద నడిపించేది. వీటికి వంతులు పంచడానికి లోపల చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని న్యాయం చాలా సులువు. ఎవరి హోదా పెద్దదైతే ముందు వాళ్ళు. పెద్ద హోదా పని లేచిందంటే చిన్న హోదా పని చేతిలో ఏముంటే అది అక్కడే వదిలేసి పక్కకి జరగాలి. పెద్దవాళ్ళు ముగించి, పోనీలే అనుకుంటేనే మిగతావాళ్ళకి వంతు. ఇదంతా విదేశాల్లో కనిపెట్టారని పుస్తకాల్లో చదివి నేను తెగ ఆశ్చర్యపోయేవాణ్ణి. మన ఊళ్ళో ఏ సభకి వెళ్ళినా కనిపించేది ఇదే కదా అన్న బుద్ధి అప్పట్లో లేదు.

నేను మొదట హోదాలు సరిగ్గానే ఇచ్చాను, నమ్మండి. వేడికి అన్నిటికన్నా పైన, బోర్డుకి అట్టడుగున.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథిగా ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు చిన్నదే గానీ పేరుకి ముందు బిరుదులు, వెనక పదవులు కలిపితే బోర్డు ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిచేంత ఉంది. మేనేజరు తన గదిలో కీబోర్డు ముందు కూర్చుని ఒక్క బిరుదు కూడా వదలకుండా కొట్టాడు. ఆయన కారు గేటు దగ్గర ఆగింది. ఆయన తలెత్తి తన పేరు చూసుకుంటున్నాడు. పేరేమో నడుస్తూ నడుస్తూ గతుక్కుమని ఆగి మళ్ళీ కదులుతోంది. మధ్యమధ్య వేడి పని లేచి ప్రాసెసర్ లాక్కుంటోంది మరి. డ్రమ్ములో ఇంకా గింజలు పోయకపోయినా అది దాని ధర్మం.

"పేరు నత్తినత్తిగా వస్తోంది. పరువు పోయేలా ఉంది. ఏదో ఒకటి చెయ్యవోయ్!" అని బాసు నా చెవిలో గుసగుసలాడాడు. మేనేజరు మొహాన నెత్తురు చుక్క లేదు. నేను కాఫీ బస్తా మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్క అంకె మార్చి, బోర్డు పనిని అందరి నెత్తిన కూర్చోబెట్టాను. పేరు నూనె పోసినట్టు జారింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు, ఆయన్ని చూసి అందరూ కొట్టారు. మాంసం భోజనం చేసి, రైలెక్కి, టైడా స్టేషను దాటేదాకా ఏ సొరంగమూ తెలియకుండా నిద్రపోయాను.

ఆ డ్రయ్యర్ దగ్గర ఆపరేటర్ ఒక ఆడమనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. కేంద్రం వెనక కొండ ఎక్కితే వాళ్ళ ఊరు. ఇంట్లో వాళ్ళ భాష వాళ్ళది, మాతో మాత్రం ఉత్తరాంధ్ర తెలుగు. అంతకు ముందు కళ్ళంలో గింజలు తిరగేసేది. ఆ పని కోతల కాలం అయిపోగానే అయిపోతుంది, మళ్ళీ ఏడాది పిలుస్తారో లేదో. డ్రయ్యర్ పని అలా కాదు, కాఫీ అయ్యాక మిరియాలు, పసుపు ఎండబెడుతూ ఏడాది పొడుగునా ఉండే నౌకరీ. ఆ పొగలో నిలబడడానికి మైదానం నుంచి వచ్చినవాళ్ళు ఎవరూ ఒప్పుకోకపోతే ఆవిణ్ణి పెట్టారు. రెండు రోజుల్లో నేర్చుకుంది. వాళ్ళ ఊరి నుంచి మిషను దగ్గర నిలబడ్డ మొదటి మనిషి ఆవిడే. కేంద్రం వాళ్ళిచ్చిన నీలం కోటు చీర మీద తొడుక్కుని సంతకి కూడా దానితోనే వెళ్ళేది. మేనేజరు దానికి కూడా నవ్వేవాడు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

నెల తిరక్కుండా ఒక డ్రమ్ము గింజలు మాడిపోయాయని కబురొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. డబ్బా చూస్తే శుభ్రంగా పని చేస్తోంది. టక్ అంటోంది, మూత పడుతోంది, టక్ అంటోంది, తెరుచుకుంటోంది. గేటు మీద "స్వాగతం" అని చిన్న మాట హాయిగా నడుస్తోంది.

"కట్టెలు ఎక్కువ కుక్కేసి ఉంటాదండీ. దానికేం తెలుస్తాది?" అన్నాడు మేనేజరు.

"నేను ఎక్కువ ఎయ్యనేదు బాబూ," అంది ఆవిడ నాతో. "కట్టెకి ఒక గీత గీత్తాను. సూడండి." పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు. వేసిన కట్టె ఒక్కింటికి ఒక గీత, రోజుకొక వరస. మాడిన రోజు వరస కూడా మిగతా వరసలంతే ఉంది. నేను దాన్ని గోడకి పట్టిన మసిని చూసినట్టు చూశాను.

"మరెందుకు మాడాయి?"

"పెద్దోలు వొచ్చిన రోజే మాడతాది బాబూ. నిన్న పెద్దోలు వొచ్చినారు."

"దిష్టి తగిలిందంటావా?"

మేనేజరు పడీపడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "దిష్టేటి బాబూ? టక్కు ఇనపడనేదు. మూత పడనేదు. బేగెల్లి సెప్పినాను, ఈ బాబు ఇనుకోనేదు. పెద్దోలతో ఫొటో దిగుతున్నారు."

నేను సర్వీసు కాగితం మీద "డబ్బా బాగుంది. ఆపరేటర్ పొరపాటు" అని రాసి సంతకం పెట్టాను. మన డబ్బా మంచిదని తేలిన సంతోషంలో దారిలో రెండు చోట్ల టీ తాగాను.

కొన్ని వారాలకి మళ్ళీ అదే కబురు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అంతా బాగానే ఉంది. ముందురోజు ఎవరో పెద్దలు వచ్చి వెళ్ళారట. మళ్ళీ అవే గీతలు, అవే మాటలు. మళ్ళీ అదే రాసి సంతకం పెట్టాను. ఈసారి మేనేజరు అందరి ముందూ ఆవిడతో అనేశాడు. "మూడోసారి మాడిందా, కోటు విప్పేసి కళ్ళంలోకి పో. అదీ నాకు అవసరం ఉంటేనే." ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంది.

తిరుగు రైల్లో ఒక సంగతి నన్ను తొలిచింది. కట్టెలు ఎక్కువై వేడి పెరిగితే సైరన్ మోగాలి కదా? ఆ సైరన్ మోగితే కొండ మీద మేకలు కూడా పరిగెడతాయి. మేనేజరు ఉండేది ఆ ఆవరణలోనే. రెండుసార్లూ ఎవరికీ వినపడలేదు. డబ్బాలో పనులు ఎవరెప్పుడు లేచారో, ఎవరెప్పుడు పడుకున్నారో తెలియాలి. దానికి మాకు పెద్ద పెద్ద మిషన్లు లేవు. ఉన్నవాళ్ళ దగ్గర ఉంటాయని వినేవాళ్ళం. నేను ఒక పల్లెటూరి ఉపాయం చేశాను. ప్రతి పనీ లేవగానే తన అంకె, అప్పటి టైము మెమరీలో ఒక మూల రాసి మరీ పని మొదలుపెట్టాలి. హాజరు పట్టీలో సంతకం అన్నమాట. ఆ మూల నిండితే పాతవి చెరిపేస్తుంది. చెరిగిపోయేలోగా ఎవరో ఒకరు ఆపు మీట నొక్కితే ఆ పట్టీ అలాగే నిలిచిపోతుంది. తర్వాత లాప్‌టాప్‌లోకి దించి ప్రింటు తీసుకోవచ్చు.

ఇది ఆవిణ్ణి కాపాడాలని చేశానని చెప్పుకుంటే ఎంత బాగుండేది! కాదు. 'పెద్దోలు వొచ్చిన రోజే' అన్న ఆ మాటని సాక్ష్యంతో సహా కొట్టిపారేసి నోరు మూయించాలని చేశాను. మూడోసారి పిలవకముందే వెళ్ళి ఈ హాజరు పట్టీ డబ్బాలో ఎక్కించాను. డబ్బా పక్కన, ఏ పని వంతుతోనూ సంబంధం లేకుండా నేరుగా ప్రాసెసర్‌కే తగిలించిన ఆ ఎర్ర ఆపు మీట ఆవిడకి చూపించి, "టక్కు వినపడకపోతే ఇది నొక్కు. ఇంకేమీ ముట్టుకోకు" అన్నాను.

"నొక్కితే మూత పడతాదా బాబూ?"

"పడదు. ఏం జరిగిందో తెలుస్తుంది."

"మరి గింజలో?" అంది. నేను లాప్‌టాప్ సంచిలో సర్దుకున్నాను.

మూడోసారి వచ్చిన పెద్దలు ముగ్గురు. వాళ్ళు వస్తున్నారని మేనేజరు కేంద్రమంతా సున్నం కొట్టించాడు. పొయ్యి పక్క గోడకీ కొట్టించాడు. బొగ్గు గీతలన్నీ పోయాయి. ముగ్గురి పేర్లూ, ముగ్గురి పదవులూ గేటు మీద నడిచాయి. లోపల డ్రమ్ము నిండా గింజలు మాడాయి. పెద్దల కార్లు గేటు దాటగానే మేనేజరు ఆవిడ కోటు విప్పించాడు.

నేను మర్నాడు వెళ్ళేసరికి డ్రయ్యర్ దగ్గర మేనేజరు బావమరిది నిలబడి ఉన్నాడు. కోటు పొట్టిదైంది అతనికి. ఎర్ర మీట నొక్కి ఉంది. చెప్పినట్టే నొక్కింది. మేనేజరు గదిలో డాట్ మాట్రిక్స్ ప్రింటర్‌కి లాప్‌టాప్ తగిలించి హాజరు పట్టీ ప్రింటు తీశాను. ప్రింటరు గీ గీ మని అరుస్తూ కాగితం వదిలింది. మొదట్లో ఒకటి, నాలుగు, ఒకటి, మూడు, ఒకటి, నాలుగు, రెండు. అందరూ వంతులవారీగా లేస్తున్నారు. పెద్దల కార్లు రాకముందు మేనేజరు పేర్లు కొట్టిన నిమిషం నుంచి కాగితం మీద ఒకటే అంకె. నాలుగు. నాలుగు. నాలుగు. నాలుగు. కాగితం మడత తర్వాత మడత పడుతోంది, అన్నీ నాలుగులే. ఒకటి లేదు, రెండు లేదు. వేడి చూసేవాడు లేవలేదు. సైరన్ మోగించేవాడు లేవలేదు. పేరు మాత్రం నడుస్తూనే ఉంది.

నడిచే మాటని బోర్డు పని ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా చుక్కచుక్కగా గీస్తుంది. 'స్వాగతం' అయితే చిటికెలో గీసేసి, మిగిలిన కాలం తక్కినవాళ్ళకి వదులుతుంది. బిరుదులూ పదవులూ వత్తులతో సహా గీయాలంటే ఒకసారి గీయడం ముగిసేలోపే రెండోసారి గీసే వేళ అయిపోతోంది. అందరికన్నా పెద్ద హోదా దానిదే. ఇక మిగిలినవాళ్ళు లేవడం ఎక్కడ? పెద్దోలు వొచ్చిన రోజే మాడతాది. ఆవిడ అక్షరాలా అదే చెప్పింది.

ప్రోగ్రాము తెరిచి ఆ హోదా రాసిన వరస వెతికాను. పక్కన నేనే రాసుకున్న గుర్తు ఉంది. "ప్రారంభోత్సవం కోసం. తర్వాత మార్చాలి."

ఎస్టీడీ బూత్ నుంచి బాసుకి ఫోన్ చేశాను. తప్పు మనదేనని చెప్పాను.

"మార్చేశావా?"

"మార్చేశాను సార్. కానీ ఆపరేటర్ని తీసేశారు. ఆవిడ తప్పేం లేదు. మనం రాసివ్వాలి."

"రాసిస్తే? ఇంకా ఎన్ని చోట్ల మన డబ్బాలున్నాయో తెలుసా? అందరూ మీద పడతారు. ఆ అంకె మార్చిందెవరు?"

"నేనే సార్."

"ఆవిడ పొరపాటని రెండుసార్లు సంతకం పెట్టిందెవరు?"

"నేనే."

"మరి? అప్‌గ్రేడ్ చేశామని రాసి బండెక్కు."

అయినా నేను మరీ అంత చచ్చు మనిషిని కాదని నిరూపించుకోవడానికి మేనేజరు దగ్గరికి వెళ్ళి, "డబ్బా బాగు చేశానండీ. ఆవిణ్ణి మళ్ళీ పెట్టుకోండి" అన్నాను.

"ఆయ్, డబ్బాకేమైందండీ బాగు చెయ్యడానికి? బాగుందని మీరే కదండీ రెండుసార్లు రాశారు?" అన్నాడు.

నా చేతిలో నాలుగుల కాగితం ఉంది. అది అతని బల్ల మీద పరిచి, ఇదిగో ఇక్కడ నీ పెద్దల పేర్లు, ఇక్కడ నా అంకె అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను. "అప్‌గ్రేడ్" అని రాశాను. సంతకం పెట్టాను. అప్పటికి సంతకం పెట్టడం బాగా అలవాటైపోయింది.

కోతలు ముగిసే రోజుల్లో మామూలు తనిఖీకి వెళ్ళాను. మేనేజరు నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. ఈ మధ్యలో పెద్దలు చాలాసార్లు వచ్చారట. పేరు కాస్త గతుకుతోందని ఫిర్యాదు చేశాడు గానీ గింజలు మాత్రం ఒక్కసారీ మాడలేదట.

"చూశారాండీ? దాన్ని తీసేశాక ఒక్క గింజ మాడితే ఒట్టు. రోగం ఎక్కడుందో తేలిపోయింది కదాండీ! ఆ ఊరోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని, మా గుంటడిని పెట్టుకోండి, మా గుంటని పెట్టుకోండి అని వొస్తున్నారండీ. మీ వాళ్ళకి మిషను పని రాదని చెప్పి పంపించేశాను."

అప్పుడు సిగ్గేసింది నాకు. నిజంగా సిగ్గేసింది. నేను తప్పు దిద్దాను, దిద్దిన సంగతి చెప్పలేదు. డబ్బా బాగున్న ప్రతి రోజూ ఆవిడ మీద ఒక సాక్ష్యం అయింది. దిద్దకుండా వదిలేసి ఉంటే బావమరిది చేతిలో కూడా మాడేవి, ఆవిడ నిజం కనీసం అలాగైనా తేలేది. నా మంచి పని కూడా ఆవిడ నెత్తినే పడింది, ఆవిడ ఊరి నెత్తిన కూడా.

ఆ రోజు సంత రోజు. వెతుక్కుంటూ వెళ్ళాను. అల్లం, పసుపు కొమ్ములు గోనె పట్టా మీద పోసుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద కోటు లేదు. నన్ను గుర్తుపట్టి, "ఏటి బాబూ, మల్లీ మాడినాయా?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

లేదని చెప్పి కాగితం తీశాను. గోనె పక్కన గొంతుకూర్చుని, మడతలు విప్పి చూపించాను. ఈ ఒకటి మూత తిప్పేవాడు, ఈ నాలుగు పేరు నడిపించేవాడు, ఇదిగో ఇక్కడి నుంచి ఒకటి లేనే లేదు, అందుకే నీకు టక్కు వినపడలేదు, నువ్వు చెప్పిందే నిజం, తప్పు నాది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెబుతుంటే నా మనసు తేలికపడుతోంది. అందుకే వెళ్ళానేమో కూడా.

ఆవిడ చివరిదాకా వింది. కాగితం మీద వేలు పెట్టి నాలుగుల వెంట కొంతదూరం కిందికి జరిపింది. తర్వాత కాగితం మడతల ప్రకారమే మడిచి నా చేతికిచ్చింది.

"నాకెందుకు సెప్తారు బాబూ? నాకు తెలిసిందే కదా. తెలీనోలకి సెప్పండి."

అంతే అని, అల్లం బేరం అడుగుతున్న మనిషి వైపు తిరిగింది.

విశాఖ బస్సెక్కాను. అది కేంద్రం మీదుగానే పోతుంది. గేటు ముందు ఆగింది. బోర్డు మీద ఎవరిదో పేరు గతుకుతూ నడుస్తోంది. లోపల మేనేజరు గది తలుపు తెరిచే ఉంది, ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నాడు. కాగితం నా ఒళ్ళో ఉంది. ఇద్దరు దిగారు. ఇంకెవరైనా దిగాలా అని కండక్టరు అరిచాడు. నేను దిగలేదు.